బెంజ్ సర్కిల్ దగ్గర పది నిమిషాలు

మా ఇల్లు రామవరప్పాడు వైపు. మేము పాఠాలు చెప్పేది వన్ టౌన్‌లో. అందుచేత రోజూ ఉదయం బెంజ్ సర్కిల్ దగ్గర దిగి బందరు రోడ్డు మీద వెళ్లే బస్సు పట్టుకోవాలి. ఆ రెండు బస్సుల నడుమ దొరికే పది నిమిషాల్లో ఒక జర్దా కిళ్లీ! ఇరవై ఏళ్లకు పైగా ఇదే తంతు. 2020లో అక్కడ ఒక పక్క ఫ్లైఓవర్ తెరిచారు, 2021లో రెండో పక్కదీ తెరిచారు. లారీలు పైనుంచి పోసాగాయి. మేము మాత్రం కిందనే, ఆ కొట్టు ముందే నిలబడి ఉన్నాం.

దీనీ విద్య చదివిన మనిషికి ఇదేం అలవాటని పాఠకులు అడగవచ్చు. అడగవలసిందే. ఒక రోజు తరగతిలో పన్నెండేళ్ల పిల్లవాడి జేబులో పాన్ మసాలా పొట్లం దొరికింది. గట్టిగా మందలించాం. వాడు ఎదురు చెప్పలేదు. మా పెదవుల వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. ఆ రోజు పాఠం ఎలా ముగించామో మాకే తెలియదు.

మానేయాలని అంతకు ముందు అనుకోలేదని కాదు. జుమా నాడు గట్టిగా నిశ్చయించుకోవడం, సోమవారం ఉదయానికి మళ్లీ కొట్టు ముందు తేలడం. ఇంట్లో వాళ్లు మా ప్రతిజ్ఞలు వినడమే మానేశారు. ఒక్క విషయం మాత్రం మమ్మల్ని ఆలోచింపజేసేది. రమజాన్‌లో సహరీ మొదలు ఇఫ్తార్ దాకా పదమూడు, పద్నాలుగు గంటలు జర్దా ఊసే రాదు. మగ్రిబ్ నమాజు ముగిసిందో లేదో, నాలుక పీకడం మొదలవుతుంది. పొగాకు మత్తు మనిషిని పట్టుకుంటుందన్నది నిజమే. కానీ మత్తు ఒక్కటే కారణమైతే పగలంతా అది ఎలా ఊరుకుంది?

ఉర్దూలో అలవాటును ఆదత్ అంటాం. దాని అరబ్బీ ధాతువుకు తిరిగి రావడం అని అర్థం. ఏటేటా తిరిగి వచ్చే ఈద్‌ను కూడా నిఘంటుకారులు ఆ ధాతువుకే చేరుస్తారు. మా జర్దా కూడా తిరిగి వచ్చేది ఎక్కడికి? తనకు పరిచయమైన చోటికి, తనకు కేటాయించిన వేళకు. రోజా ఉన్న పగటి వేళ దానికి చోటు లేదు గనుక రాలేదు.

మద్యం విషయంలో దివ్య ఖుర్‌ఆన్ అనుసరించిన క్రమం మన ఇళ్లలో చిన్నపిల్లలకూ తెలుసు. మొదట దానిలో లాభం కన్నా కీడే ఎక్కువని తెలిపింది. తరువాత మత్తులో నమాజు దరికి రావద్దంది. ఆఖరున పూర్తిగా నిషేధించింది. ఆ మధ్య మెట్టును కాస్త గమనించండి. రోజుకు ఐదు నమాజులు. జుహర్‌కూ అస్ర్‌కూ మధ్య, అస్ర్‌కూ మగ్రిబ్‌కూ మధ్య తాగి తేరుకునే వ్యవధి ఎక్కడుంది? తాగుడుకు అలవాటైన వేళలే తగ్గిపోయాయి. చివరి ఆజ్ఞ వచ్చేనాటికి మదీనా వాసులు సగం దారి నడిచే ఉన్నారు.

గుట్కా సంగతి ఇందుకు భిన్నంగా నడిచింది. ఆహార పదార్థాల్లో పొగాకు కలపరాదని 2011లో కేంద్రం నిబంధన తెచ్చింది. 2012 నుంచి రాష్ట్రాలు ఒకటొకటిగా గుట్కాను నిషేధించాయి. అప్పుడు పాన్ మసాలా ఒక పొట్లంలో, పొగాకు ఇంకో పొట్లంలో అమ్మకానికి వచ్చాయి. కొన్నవాడే రెంటినీ కలుపుకోసాగాడు.

మేము చేసింది ఘనకార్యమేమీ కాదు. బస్సు దిగగానే కొట్టు వైపు తిరగకుండా లబ్బీపేట దిక్కుగా నడిచి, తరువాతి స్టాపులో బస్సు ఎక్కడం మొదలుపెట్టాం. జేబులో కాస్త సోంపు, నాలుగు లవంగాలు. మొదటి వారం తలనొప్పి, చిరాకు. ఇంట్లో అందరి మీదా విసుక్కున్నాం. మూడో వారంలో కొట్టు అతను దారిలో ఎదురై, "ఏంటి మౌల్వీగారూ, ఊళ్లో లేరా?" అన్నాడు. ఏదో సాకు చెప్పబోయి ఆగిపోయాం. మానే ప్రయత్నంలో ఉన్నామని చెప్పాం. "మంచి పనండీ, నా వల్లే కావడం లేదు" అన్నాడతను నవ్వుతూ.

కొత్త అలవాటు కుదరడానికి ఎన్నాళ్లు పడుతుంది? ఇరవై ఒక్క రోజులని చాలామంది అంటారు. ఆ లెక్క అమెరికా ప్లాస్టిక్ సర్జన్ మాక్స్‌వెల్ మాల్ట్స్ 1960లో రాసిన పుస్తకం నుంచి వ్యాపించింది. శస్త్రచికిత్స జరిగినవారు తమ కొత్త ముఖానికి అలవాటు పడేందుకు కనీసం అన్నాళ్లు పడుతుందన్నది ఆయన చూసిన సంగతి. కిళ్లీకి, దానికి ఏం సంబంధం? మన పెద్దలు చిల్లా అని నలభై రోజులు చెప్పేవారు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని పరిశీలించి 2010లో ఫలితాలు ప్రచురించారు. భోజనంతో పండు తినడం, నీళ్లు తాగడం, కాసేపు పరుగెత్తడం వంటి పనులు అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టాయి. కొందరికి 18 రోజులే సరిపోయాయి, కొందరి లెక్క 254 దాకా వెళ్లింది. నడుమ ఒక రోజు తప్పినందువల్ల పని చెడలేదట.

ఈ చివరి మాట మమ్మల్ని నిలబెట్టింది. నలభై అయిదో రోజున ఒక వలీమా విందులో కిళ్లీ పళ్లెం ముందుకు వస్తే చెయ్యి దానంతటదే పోయింది. వెనకటి రోజుల్లో అయితే అంతా అయిపోయిందనుకుని మర్నాడే కొట్టుకు వెళ్లేవాళ్లం. ఈసారి మర్నాడు మామూలుగా లబ్బీపేట వైపు నడిచాం.

మంచి అలవాటుకూ ఇలాగే ఒక చోటు, ఒక వేళ చూపించాలి. రాత్రి పళ్లు తోముకోమంటే పిల్లలు తోమరు. ఇషా వుజూతో కలిపేస్తే తోముతారు. మా ఇంట్లో ఇషా తరువాత పిల్లల చేత ఒక్క పేజీ చదివించడం ఇలాగే మొదలైంది. ఒక్క పేజీయేనా అని నవ్వకండి. కొంచెమైనా ఎడతెగక చేసే పనే అల్లాహ్‌కు ఎక్కువ ప్రియమని దైవప్రవక్త (స) చెప్పినట్లు హదీసుల్లో ఉంది.

జర్దా లేకుండా ఉత్త వక్కపొడి పర్వాలేదనుకునేవారికి ఒక మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో వక్కను కూడా క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. నోట్లో తెల్లమచ్చ, కారం తగిలితే మంట, నోరు మునుపటిలా తెరుచుకోకపోవడం కనిపిస్తే ఆలస్యం చేయక డాక్టరుకు చూపించండి. పొగాకు మానదలచినవారికి ప్రభుత్వం నడిపే ఉచిత ఫోను 1800-112-356.

ఆ పిల్లవాడు ఇప్పటికీ మా తరగతిలోనే ఉన్నాడు. మొన్న దగ్గరకు వచ్చి, మా జేబు వైపు చూపిస్తూ, "ఉస్తాద్‌జీ, కొంచెం సోంపు ఇస్తారా?" అని అడిగాడు.