బండే ఇల్లయినప్పుడు అడుగు చూసుకోండి!

పూర్వం మేడారం జాతరకో, ఏడుపాయలకో బయలుదేరే సంసారాలు గూడుబండి కట్టుకునేవి. బియ్యం మూట, గిన్నెలు, బొంతలు, పిల్లాజెల్లా అందరూ అందులోనే. పొద్దుగూకితే చెట్టు కింద బండి విప్పి, మూడు రాళ్ళు పెట్టి పొయ్యి రాజేసేవారు. ఈ బండి వాళ్ళ పచ్చిపులుసు ఆ బండికి, ఆ బండి వాళ్ళ తొక్కు ఈ బండికి నడిచేవి.

ఇప్పుడు కొందరు పాత మినీబస్సు కొని, సీట్లు పీకించి, మంచం, గ్యాసు పొయ్యి, నీళ్ళ ట్యాంకు అమర్చుకుంటున్నారు. అమెరికాలో ఉన్న మన పిల్లలు సెలవుల్లో అద్దెకు తీసుకుని తిరిగే మోటర్‌హోమ్ ఇలాంటిదే. ఈ సరదాను డాక్టరుగా నేను కాదనను. ఊరు దాటి నాలుగు రోజులు చెట్ల కింద గడిపితే మనసుకూ, ఒంటికీ మంచిదే. కాని ఒక్క తేడా గుర్తుంచుకోవాలి. గూడుబండిలో గాలి అన్ని వైపుల నుంచీ ఆడేది. దాని అడుగున ఇంజనూ లేదు, మూలన గ్యాసు బండా లేదు.

ముడిమ్యాల కుటుంబం

కొన్నేళ్ళ క్రితం చలికాలంలో ఒక ఆదివారం ఉదయం ముడిమ్యాల నుంచి ఒక కుటుంబాన్ని నా దగ్గరకు తీసుకువచ్చారు. ముందు రోజు అనంతగిరి వెళ్ళి, స్వామిని దర్శించుకుని, గుట్టల కింద తెలిసినవారి మామిడితోటలో బండి ఆపుకున్నారట. మరో రెండు కుటుంబాలు కార్లలో వచ్చి కలిశాయి. అందరూ కలిసి బగారా అన్నం, కోడికూర వండుకుని తిన్నారు. మగవాళ్ళు చెట్టు కింద, కార్లలో వచ్చినవారు తోటలోని గదిలో పడుకున్నారు. ముసలమ్మ, కోడలు, ఇద్దరు పిల్లలు బండిలో పడుకున్నారు.

తెల్లవారుజామున ముసలమ్మ లేచి బండి తలుపు తీసింది. రెండడుగులు వేసి పడిపోయింది. చప్పుడుకు కొడుకులు లేచి చూస్తే లోపల కోడలు తల పట్టుకుని మూలుగుతున్నది. పిల్లలు వాంతులు చేసుకుని మత్తుగా పడి ఉన్నారు.

"రాత్రి తిన్న కోడికూర పడలే సార్" అన్నాడు కొడుకు.

"నువ్వు తినలేదా?" అని అడిగాను.

"అందరికన్నా నేనే ఎక్కువ తిన్న."

అతనికి ఏమీ కాలేదు. కార్లలో వచ్చినవారికీ ఏమీ కాలేదు. ముసలమ్మను అడిగితే, "నేను కూర ముట్టనే లేదు బిడ్డా. శనివారం, ఒక్కపొద్దు. అరటిపండు తిని పాలు తాగిన" అన్నది.

కూర తిన్నవారు క్షేమంగా ఉన్నారు. తినని మనిషి పడిపోయింది. అంటే దోషం కూరది కాదు గదా! జబ్బుపడ్డ నలుగురికీ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే - వాళ్ళు పడుకున్న బండి. వెంటనే నలుగురికీ ఆక్సిజన్ పెట్టించాను. వారి అదృష్టం బాగుండి అందరూ కోలుకున్నారు.

తరువాత బండి చూశాను. ఫ్లోరు మీద పరిచిన రెక్సిన్ ఎత్తితే, కింద ప్లైవుడ్ తడిసి తడిసి అటుకుల్లా పొరలు విడిపోయి ఉంది. మంచం కింద అరచెయ్యంత కన్నం! రాత్రి దీపాలకోసం చిన్న పెట్రోలు జనరేటరు వేశారు. మంచు పడి పాడవుతుందని దాన్ని బండి కిందికి తోశారు. చలి అని కిటికీలన్నీ మూశారు. జనరేటరు పొగ కన్నంలోంచి నేరుగా మంచం కిందికి చేరింది.

ఆ వాయువు ఎందుకంత చెడ్డది?

పెట్రోలు, డీజిలు, బొగ్గు, కట్టె - ఏది సరిగా మండకపోయినా కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువును మోసుకుపోయే కూలీ వంటిది. ఈ వాయువు ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా ఆ కూలీని పట్టుకుంటుంది. అప్పుడు గుండె, మెదడు ప్రాణవాయువు అందక అలమటిస్తాయి. నిద్రలో ఉన్నవారు మేలుకోకుండానే పోవచ్చు. గర్భిణులకు, పసిపిల్లలకు, గుండెజబ్బు ఉన్నవారికి ప్రమాదం మరీ ఎక్కువ.

మరొక చిక్కు ఉంది. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటరు ఈ వాయువునూ ప్రాణవాయువుగానే లెక్కగట్టి, అంతా బాగున్నట్టు అంకె చూపవచ్చు. దాన్ని నమ్మి ఊరుకోవద్దు.

మరి ఎలా గుర్తించాలి? ఒకేచోట ఉన్నవారందరికీ ఒకేసారి తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి, నిస్సత్తువ వస్తే, జ్వరం లేకపోతే, బయటి గాలికి వెళ్ళగానే కాస్త తేరుకుంటే - ముందు గాలిని అనుమానించండి. అందరినీ బయటికి చేర్చండి. 108కి ఫోను చేయండి. ఆస్పత్రిలో "మూసిన బండిలో పడుకున్నాం, పొగ వచ్చి ఉండవచ్చు" అని తప్పక చెప్పండి. ఆ ఒక్క మాట చెబితే చికిత్స త్వరగా మొదలవుతుంది.

ఫ్లోరు బాగుచేయించేటప్పుడు

ప్రతి ప్రయాణానికి ముందు పరుపులు, రెక్సిన్ ఎత్తి చూడండి. బొటనవేలితో నొక్కితే మెత్తగా దిగినా, స్క్రూడ్రైవరు మొన సులువుగా గుచ్చుకున్నా, ముక్కిన వాసన వచ్చినా చెక్క చెడినట్టే. పైన కొత్త రెక్సిన్ పరిస్తే పుండు మీద కొత్త చొక్కా తొడిగినట్టవుతుంది. ముందు నీరు ఎక్కడినుంచి వస్తున్నదో కనిపెట్టండి. కిటికీ అంచా, ట్యాంకు గొట్టమా, గిన్నెలు కడిగే మూలా? అది ఆపాక, చెడిన చెక్కను గట్టి చెక్క తగిలేదాకా కోయించి, మిగిలినది బాగా ఆరనిచ్చి, నీటికి తట్టుకునే ప్లైవుడ్ వేయించండి. గొట్టాలు, వైర్లు వెళ్ళే కన్నాల చుట్టూ సీలు చేయించండి. అప్పుడే సైలెన్సరు గొట్టం తుప్పుపట్టిందేమో మెకానిక్కుకు చూపించండి.

బూజుపట్టిన చెక్క కోసేటప్పుడు ముక్కుకు మాస్కు కట్టుకోవాలి. ఉబ్బసం ఉన్నవారు ఆ దరిదాపులకు రావద్దు. తుప్పుపట్టిన మేకు గుచ్చుకుంటే సబ్బుతో కడిగి, ధనుర్వాతం ఇంజెక్షను అవసరమేమో డాక్టరును అడగండి. జిగురు, రంగు వాసన పూర్తిగా పోయేదాకా లోపల నిద్రపోవద్దు.

గాలి వచ్చే దారులు మాత్రం మూయవద్దు. వంట గ్యాసు గాలి కంటే బరువు. లీకైతే అడుగున పేరుకుంటుంది. అందుచేత సిలిండరు నిలబెట్టి, బయటికి మాత్రమే తెరుచుకునే అరలో, కింది భాగాన గాలి పోయే దారితో ఉంచాలి. వాసన వస్తే స్విచ్చి ముట్టకుండా అందరూ దిగిపోండి. చలికి బండిలో కుంపటి పెట్టడం, పొయ్యి వెలిగించి నిద్రపోవడం, ఇంజను నడుపుతూ ఏసీలో పడుకోవడం - మూడూ ప్రాణాంతకాలే. జనరేటరు కనీసం 20 అడుగుల దూరాన, పొగ అవతలికి పోయేలా ఉండాలి. కార్బన్ మోనాక్సైడును పసిగట్టి మోగే చిన్న అలారం దొరుకుతుంది. మంచం దగ్గర బిగించుకోండి.

చెట్టు కింద పంక్తి భోజనం

ముడిమ్యాల వారి కోడికూర నిర్దోషి అని తేలింది. అలాగని ప్రతి కూరా నిర్దోషి కాదు సుమా! పది గిన్నెలు కలిసేచోట జాగ్రత్త కావాలి. వండిన అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అందులో పెరిగే క్రిములు విషాన్ని తయారుచేస్తాయి. మళ్ళీ వేడిచేసినా ఆ విషం పోదు. వండిన రెండు గంటల్లో తినేయండి. కోడిని కోసిన కత్తితో ఉల్లిగడ్డ కోయవద్దు. దారికి కట్టుకుపోవడానికి పులుపున్న పులిహోర, పొడిగా ఉండే జొన్నరొట్టె, సకినాలు మేలని మన పెద్దలు ఊరికే అనలేదు. తాగే నీరు కాచి చల్లార్చండి. వడ్డించేవారు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. విరేచనాలు, వాంతులు ఉన్నవారు వడ్డించనే వద్దు.

ఓఆర్ఎస్ ప్యాకెట్లు బండిలో ఉంచుకోండి. లేకపోతే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు సమంగా కొలిచి కలిపి, కొద్దికొద్దిగా తాగించండి.

బయట నేలమీద పడుకునేవారు దోమతెర కట్టి, అంచులు చాప కిందికి మడవండి. దోమలే కాదు, రాత్రిపూట తిరిగే కట్లపామూ దూరదు. పాము కరిచిందని అనుమానం వస్తే కట్లు బిగించకుండా, కోయకుండా, మనిషిని కదలనీయకుండా ఆస్పత్రికి చేర్చండి. కట్లపాము కాటు గుర్తు కనిపించకపోవచ్చు, నొప్పీ ఉండకపోవచ్చు.

ఆ ముసలమ్మ కొన్ని నెలల తరువాత మోకాళ్ళ నొప్పులకు వచ్చింది. బండి ఫ్లోరు అంతా కొత్తది వేయించారట. "ఆ దేవుడి ఒక్కపొద్దే మమ్మల్ని కాపాడింది సారూ" అన్నది. ఆమె ఒక్కపొద్దు నాకు జబ్బును పట్టించిన మాట నిజమే. కాని పిల్లలకు ఊపిరి పోసింది ఆమె ఆ చీకట్లో లేచి తీసిన తలుపు. మీరు అంతదాకా రానీయకండి. ఈసారి బయలుదేరే ముందు, సామాను ఎక్కించకముందే, ఒక్కసారి రెక్సిన్ ఎత్తి అడుగు చూసుకోండి.