గుఱ్ఱమునకు తోలు నగలు

మా అమ్మమ్మ పాకాల స్టేషనులో రైలు దిగి పుట్టింటికి జట్కాలో పోవునప్పుడు జరిగిన సంగతి నొకదానిని తఱచుగా చెప్పుచుండెడిది. ఆ గుఱ్ఱపు నుదుట ఎఱ్ఱని తోలుపట్టీ, దానిపై ఇత్తడి పూలు, మెడనిండ గవ్వలు, చెవులకడ ఉన్ని కుచ్చులు. పిల్లలందఱు దానిచుట్టు మూగిరట. బండి చెఱువుకట్ట ఎక్కునప్పుడు గుఱ్ఱము గట్టిగా లాగగానే రొమ్ముపట్టీ కుట్టుకడ ఊడిపోయి, బండి వెనుకకు జాఱెను. ఎవరికిని దెబ్బ తగులలేదు. కాని పట్టీ తొలగినచోట గుఱ్ఱపు రొమ్మున అఱచేతి వెడల్పు పుండు బయటపడినది. “నగలు చూచి పిల్లనిచ్చినట్లు మనము బండి యెక్కితిమి” అని ఆమె కథ ముగించెడిది.

ఇప్పుడు మన ఊళ్లలో జట్కాల స్థానము ఆటోలు తీసికొన్నవి. అయినను గుఱ్ఱపు టలంకారము లోకమునుండి పోలేదు. తిరుమల బ్రహ్మోత్సవములలో వాహనములకు ముందు ఏనుగులతోపాటు గుఱ్ఱములును అలంకరింపబడి నడచును. పెండ్లి ఊరేగింపులకును, స్వారి నేర్పు పాఠశాలలకును జీనులు, కళ్లెములు కావలెను. ఉత్తరదేశమున కాన్పూరు పట్టణమునందు పందొమ్మిదవ శతాబ్దమున సైన్యము కొఱకు మొదలైన జీనుల పని, నేటికిని విదేశములకు ఎగుమతియగుచున్నది. మన చంద్రగిరి నేలిన విజయనగర రాజుల వైభవమును గూర్చి చెప్పవలసినదే లేదు. సుమారు 1520లో విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు దొమింగో పాయెస్, నవరాత్రుల ఉత్సవములలో అలంకరించి నడిపించిన గుఱ్ఱముల వరుసలను విస్మయముతో వర్ణించినాడు.

ఈ పనికి మూలమైన తోలును పదును చేయు చెట్టు మన పొలముగట్లమీదనే యున్నది. అది తంగేడు. పూవును మాత్రమే ఎఱిగిన మనము దాని పట్టను గూర్చి తెలిసికొనలేదు. తంగేటి పట్టను నలుగగొట్టి నీట నానవేసిన లందలలో పచ్చితోళ్ల నుంచినచో, ఆ పట్టలోని వగరు తోలులోనికి దిగి దానిని కుళ్లనీయక గట్టిపఱచును. తరువాత కరక్కాయ రసము పట్టింతురు. ఇట్లు చేసిన మదరాసు తోళ్లు ‘ఈస్టిండియా తోళ్లు’ అను పేర లండను వఱకు పోయెడివి. 1903 ప్రాంతమున ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అను దొర మదరాసులో క్రోము లవణములతో తోలు పదును చేయు పద్ధతిని ప్రవేశపెట్టెను. అది త్వరగా ముగియును, నీటికి ఓర్చును. అయినను చెక్కడపు పనికి తంగేటి తోలే తగినది. క్రోము తోలుపై అచ్చు నొక్కినను గుఱుతు నిలువక మరల పైకి లేచును.

తోలును తడిపి, సగము ఆఱిన పిదప, పైపొరమాత్రము కోసి పూలు, లతలు గీయుదురు. గీత ప్రక్కన అచ్చును సుత్తితో కొట్టగా నేల లోతుపడి పూవు పైకి వచ్చును. ముగ్గు వేయుచేతికి ఈ గీతలు కష్టములు కావు. ఇక్కడనే పనివాని బుద్ధి తెలియును. బరువు లాగెడు పట్టీమీద లోతుగా చెక్కరాదు. ఇత్తడి పూలకై వరుసగా రంధ్రములు పొడువరాదు. ప్రతి రంధ్రమును తోలు బలమును కొంత తినివేయును. అందము నుదుటిపట్టీమీద, మెడదండమీద ఉండవలెను. రొమ్ముపట్టీ, కడుపుపట్టీ సాదాగానే యుండవలెను. అవి జంతువు వెన్నుభాగపు తోలునుండి కోసినవైయుండవలెను. పొట్టభాగపు తోలు సాగును.

కుట్టు సంగతి మఱింత ముఖ్యము. మైనము పూసిన నారదారపు రెండు కొనలకు రెండు సూదులు గ్రుచ్చి, ఆరెతో పొడిచిన ఒకే రంధ్రముగుండా రెండింటిని ఎదురెదురుగా పోనిత్తురు. అందుచే ఒకచోట దారము తెగినను ప్రక్క కుట్లు నిలిచియుండును. యంత్రపు కుట్టు అట్లుగాక తెగినచోటినుండి ఊడుకొనుచు పోవును. పదునైదంగుళముల నుదుటిపట్టీకి రెండంచులను అంగుళమునకు ఎనిమిది కుట్ల చొప్పున కుట్టినచో 240 కుట్లగును. ధర ఎక్కువయని బేరమాడువారు ఈ లెక్క ఒక్కసారి వేసికొనవలెను.

మన సీమలో ఈ పని చేసినవారు మాదిగవాడలలోని పనివారు. వారిని ఊరి వెలుపల నుంచితిమి. వారి కుట్టుమీద ప్రాణము లుంచి బండ్లలో ప్రయాణము చేసితిమి. కూలిమాత్రము చివరిదాకా గీచి గీచి యిచ్చితిమి. రొమ్ముపట్టీ పాతతోలుతో కుట్టబడినచో అందుకు కుట్టినవాడొక్కడే కారణమనుటకు నాకు నోరు రాదు.

తోలు కళకు గౌరవము దొరకుట అసాధ్యము కాదు. 1890 దశకమున పాకాలనుండి వేసిన రైలుమార్గము ధర్మవరము చేరును. ఆ ధర్మవరము ప్రక్కనే నిమ్మలకుంట యున్నది. అచట తోలుబొమ్మల కుటుంబములవారు మేకతోలును పలుచన చేసి, రంధ్రములు పొడిచి, రంగులు వేయుదురు; స్త్రీలును ఆ పనిలో చేయి కలుపుదురు. ఆటలు తగ్గిన తరువాత వారు అదే చేతిపనితో దీపపు తొడుగులు, గోడ చిత్రములు చేసి అమ్మ నేర్చిరి. వారిలో దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చినది. బొమ్మ మారలేదు, కొనువారు మారిరి.

గుఱ్ఱపు నగలు చేసి అమ్మదలచు సోదరి ఎవరైన నున్నచో, మొదట నుదుటిపట్టీ ఒకటి చేసి చూడవచ్చును. అది బరువు లాగదు గనుక పొరపాటైనను ప్రమాదము తక్కువ. కొలతను ఒక త్రాటితో ఒక చెవి క్రిందనుండి నుదుటిమీదుగా రెండవ చెవి క్రిందికి తీయవలెను. అది బిగిసినచో చెవుల మొదళ్లు ఒరసికొనును. పూసలు కుట్టిన ముడులన్నియు రెండు పొరల నడుమనే ముగియవలెను. కొనువారు పైపూలను చూచినంతసేపు చూచి, పిమ్మట పట్టీని త్రిప్పి లోపలివైపు బొటనవ్రేలితో తడుముకొనుడు. ముడి గాని, మేకు కొన గాని తగిలినచో తిరిగి యిచ్చివేయుడు. గుఱ్ఱము నోరెత్తి చెప్పదు.

వాడిన పిదప తడిగుడ్డతో చెమట ఉప్పును తుడిచి, పట్టీని నీడను ఆఱవేయవలెను. ఎండలో ఆఱినది పెళుసై విఱుగును. మా అమ్మమ్మ చూచిన ఆ గుఱ్ఱమునకు బండివాడు ఆ సాయంకాలమే పుండు కడిగి పసుపు అద్దెనట. పదిదినములు దానిని బండికి కట్టలేదనియు, ఆ పదిదినముల కూలి పోయినందుకు వాని భార్య అతనిని నిందింపలేదనియు ఆమె చెప్పుచుండెడిది.