సెకనుకు ఐదు తడబాట్లు

బుధవారం మధ్యాహ్నం క్యారేజీ విప్పుతుంటే ఎడిటర్ గారి నుంచి కబురు. ‘‘ఈ ఆదివారం కవర్ స్టోరీ వర్చువల్ రియాలిటీ మీద. చదువులు, వైద్యం, భవిష్యత్తు, అన్నీ రావాలమ్మా. శుక్రవారం సాయంత్రం ఆరుకల్లా పేజీలు వెళ్లిపోవాలి.’’ సరే సార్ అన్నాను. అన్నీ రాలేదు. ఒక్కటే వచ్చింది.

మా మేనల్లుడు డాలస్ నుంచి సంక్రాంతికి వచ్చి, వెళ్తూ వెళ్తూ ఒక హెడ్‌సెట్ విజయవాడలో మా ఇంట్లో వదిలేశాడు. అమ్మ దాన్ని పాత దుప్పట్లో చుట్టి బీరువా మీద పెట్టింది. ఆ రాత్రి దుమ్ము దులిపి తలకు కట్టుకుని, రాళ్లు పట్టుకుంటూ కొండ ఎక్కే ఆటలోకి దిగాను. పది నిమిషాలు గడిచాయి. పదకొండో నిమిషంలో కుర్చీ కోసం తడుముకుంటున్నాను. కొండ బాగానే ఉంది, తల ఎటు తిప్పినా నున్నగానే తిరుగుతోంది. నా చెయ్యే రెండుగా కనిపిస్తోంది. ముందు అసలు చెయ్యి, వెనకే అంటుకుని ఒక దయ్యం చెయ్యి. రాయిని ఏ చేత్తో పట్టుకోవాలో తేల్చుకోలేక కడుపులో తిప్పడం మొదలైంది.

వాడికి ఫోన్ చేశాను. అక్కడ పొద్దున్న. ‘‘అలా అవ్వకూడదే అత్తా! నేనే 120 హెర్ట్జ్ పెట్టి, రిజల్యూషన్ కూడా పెంచి ఇచ్చాను కదా’’ అన్నాడు, పెళ్లికారు ముస్తాబు చేసి ఇచ్చినవాడిలా. ‘‘లాప్‌టాప్‌కి కేబుల్ పెట్టు. లాగ్ చూద్దాం.’’

ఆ లాగే నా రెండు రోజుల్నీ ఎత్తుకుపోయింది.

మెటా క్వెస్ట్ హెడ్‌సెట్లు లోపల ఆండ్రాయిడ్ యంత్రాలే. డెవలపర్ మోడ్ ఆన్ చేసి, ఏడీబీ అనే చిన్న ప్రోగ్రాంతో లాగ్‌క్యాట్ తెరిచి, ‘వీఆర్ఏపీఐ’ అన్న పేరున్న వరసల్ని మాత్రం వడగడితే నల్లటి తెర మీద సెకనుకో వరస రాలుతుంది. ఆట నడిచినంతసేపూ రాలుతూనే ఉంటుంది. వరసకి పాతిక దాకా ముక్కలుంటాయి. వాటిలో నాకు అక్కరకొచ్చినవి ఇవి:

‘‘ఎఫ్‌పీఎస్=54/120, స్టేల్=66, టెంప్=41.0సీ, టీడబ్ల్యూ=2.9ఎంఎస్, యాప్=11.8ఎంఎస్’’

మొదట కిరాణా కొట్టు చీటీలా అనిపించింది. తర్వాత డాక్టరు రిపోర్టులా. తెల్లారేసరికి డైరీలా చదువుతున్నాను.

54/120 అంటే తెర సెకనుకి 120 సార్లు కొత్త బొమ్మ అడుగుతోంది, ఆట 54 మాత్రమే ఇవ్వగలుగుతోంది. మరి మిగిలిన 66 సార్లు తెర మీద ఏం పడింది? అదే స్టేల్. మన మాటలో చద్ది. అప్పటికే ఒకసారి చూపించిన బొమ్మని మళ్లీ వడ్డించడం.

ఇది పత్రికల్లో పనిచేసేవాళ్లకి ఇట్టే అర్థమయ్యే సంగతి. ప్రెస్సు ఎవరికోసమూ ఆగదు. పేజీ టైముకి రాకపోతే నిన్నటి పేజీ తీసి, తేదీ మార్చి, వేసేయడం ఒక్కటే దారి అనుకోండి. మా దగ్గర ఆ పని చేస్తే ఉద్యోగం ఊడుతుంది. హెడ్‌సెట్‌లో అదే రివాజు, పైగా దానికోసం ఒక సబ్‌ఎడిటర్‌ని ప్రత్యేకంగా పెట్టుకున్నారు. పేరు టైమ్‌వార్ప్, వరసలో టీడబ్ల్యూ. కొత్త బొమ్మ వస్తే దాన్ని, రాకపోతే పాతదాన్ని తీసుకుని, ఈ క్షణాన తల ఎటు తిరిగి ఉందో చూసుకుని, ఆ మేరకు జరిపి తెర మీద వేస్తుంది. అందుకే నా కొండ నున్నగా తిరిగింది. కానీ ఈలోపు చెయ్యి కదిలిన సంగతి సబ్‌ఎడిటర్‌కి తెలియదు. పాత చోటే మళ్లీ అచ్చేస్తాడు. నా కన్నేమో చేతితోపాటు ముందుకు పోతోంది. దయ్యం పుట్టింది అక్కడే.

అందుకని ఎవరైనా ‘‘వీఆర్ ఆగి ఆగి నడుస్తోంది’’ అంటే ఇప్పుడు నేను ముందు ఒకటే అడుగుతున్నాను. కొండ వణుకుతోందా, చెయ్యా? చెయ్యి అయితే ఆట బొమ్మలు గీయలేక వెనకబడుతోంది. అలాకాక తల తిప్పినప్పుడు లోకం మొత్తం ఒక్క క్షణం మొహానికి అతుక్కుని వచ్చి, తర్వాత ఠక్కున సర్దుకుంటే, సబ్‌ఎడిటరే చేతులెత్తేశాడన్నమాట. అది ఇంకా ముదిరిన జబ్బు.

మా జబ్బు మొదటి రకం. లెక్క వేసి చూస్తే సిగ్గేసింది. సెకనుని 120తో భాగిస్తే ఒక్కో బొమ్మకి దక్కేది 8.3 మిల్లీసెకన్లు. ఆట ఒక్కో బొమ్మకి తీసుకుంటున్నది 11.8. ఇక ఏ దేవుడు మాత్రం ఏం చేస్తాడు? అది చాలదన్నట్టు సబ్‌ఎడిటర్ గారు తెర మారిన ప్రతిసారీ 2.9 మిల్లీసెకన్లు తీసుకుంటారు, బొమ్మ కొత్తదైనా చద్దిదైనా సరే. 120 సార్లు అంటే సెకనుకి 348 మిల్లీసెకన్లు. గ్రాఫిక్స్ చిప్ సమయంలో మూడోవంతు పైన తేదీలు మార్చడానికే పోతోంది. నున్నగా ఉండాలని వాడు పెట్టిన 120 ఆట నోటిదగ్గరి కూడు లాక్కుంటోంది.

72కి దించాం. ఇప్పుడు బొమ్మకి 13.9 మిల్లీసెకన్లు. సబ్‌ఎడిటర్ వాటా పోగా మిగిలేది 11.0. ఆటకి కావలసింది 11.8. బస్సు కళ్లముందే కదిలిపోయినట్టు 0.8 మిల్లీసెకన్ల తేడాతో తప్పింది. లాగ్ చెప్పింది: ఎఫ్‌పీఎస్=67/72, స్టేల్=5.

‘‘67 అంటే ఫస్ట్ క్లాసే కదా అత్తా!’’

కాదు. తల తిరుగుడు ఇంకా ఎక్కువైంది. సెకనుకి 66 చద్ది బొమ్మలు వచ్చినప్పుడు చూపు మొత్తం ఒక తీరున మసగ్గా ఉండి, కన్ను ఎలాగో రాజీపడింది. 67 మంచి బొమ్మల మధ్య ఐదు తడబాట్లు మాత్రం ఒక్కోటీ విడిగా గుచ్చుకున్నాయి. చెయ్యి జారినట్టు జారి, ఉలిక్కిపడి, మళ్లీ జారింది. మృదంగం నిదానంగా వాయిస్తే ఎవరికీ ఇబ్బంది లేదు. తాళం తప్పితేనే ముందు వరసలో తలలు పైకి లేస్తాయి. ఎఫ్‌పీఎస్ అనేది సగటు. సగటుకి తాళం తెలియదు. అట్టపెట్టెల మీద 90, 120 అని బంగారు అంకెలు వేసే కంపెనీల్లో ఒక్కటైనా స్టేల్ ఎంతో వేస్తుందేమోనని చూశాను. వేయదు.

మిగిలిన తప్పు రిజల్యూషన్‌ది. వాడు అడ్డంగా 20 శాతం, నిలువుగా 20 శాతం పెంచాడు. ‘‘ఇరవయ్యే కదా’’ అంటాడు. 1.2ని 1.2తో గుణిస్తే 1.44. పిక్సెళ్లు 44 శాతం పెరిగాయి. నేను పాత చోటికి తెచ్చాను. కొండ రాతి మీద నాచు ఇందాకటంత స్పష్టంగా లేదు. లాగ్‌లో యాప్=8.4 అని వచ్చింది. తర్వాతి వరసలో ఎఫ్‌పీఎస్=72/72, స్టేల్=0. దాని తర్వాతా అంతే. అర్ధరాత్రి దాటాక టెంప్ 37కి దిగింది. చెయ్యి ఒక్కటైంది.

చరిత్ర రాయాలి కాబట్టి ఊపిరి బిగబట్టి రాస్తున్నాను. 1968లో అమెరికాలో ఐవన్ సదర్లాండ్ పైకప్పు నుంచి వేలాడే తొలి తలతెర చూపించాడు. 2012లో ఓకులస్ అనే హెడ్‌సెట్ కంపెనీ జనం నుంచి చందాలెత్తి మొదలైంది, 2014లో ఫేస్‌బుక్ దాన్ని కొంటున్నట్టు ప్రకటించింది. మధ్యలో 2013లో ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ తల కదలికకీ తెర కదలికకీ మధ్య ఆలస్యం 20 మిల్లీసెకన్ల లోపు ఉంటేనే నప్పుతుందంటూ వ్యాసం రాసి, టైమ్‌వార్ప్ ఉపాయాన్ని అందులోనే విప్పాడు. 2016లో రిఫ్ట్, వైవ్ హెడ్‌సెట్లు రెండూ 90 హెర్ట్జ్‌తో వచ్చాయి. అదే ఏడాది సోనీ ఆటలు 60 బొమ్మలు గీసినా తెర 120కి పెంచుకునే ఏర్పాటు చేసింది. 2019లో వాల్వ్ ఇండెక్స్ 144 దాకా ఎగబాకితే, అదే ఏడాది వైరు లేని క్వెస్ట్ 72తో సరిపెట్టుకుంది. 2020 నాటి క్వెస్ట్ 2 కూడా 72తోనే మొదలై తర్వాత 90కి, 120కి ఎక్కింది. అయిపోయింది.

గురువారం రాత్రి మరో వింత. లాగ్‌లో స్టేల్ సున్నా. అయినా చెయ్యి సన్నగా వణుకుతోంది, ముసలాయన చేతిలో కాఫీ కప్పులా. లాగ్ అబద్ధం చెబుతోందా? చెప్పడం లేదు. బొమ్మలన్నీ టైముకే వస్తున్నాయి, చెయ్యి ఎక్కడుందో కనిపెట్టే కెమెరాలు తడబడుతున్నాయి. మా హాల్లో పాత చోక్ ట్యూబ్‌లైటు ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి అది సెకనుకి 100 సార్లు మినుకుతుంది. అమెరికాలో 60 హెర్ట్జ్, అక్కడ 120 సార్లు. మన కంటికి ఏదైనా ఒకటే, కెమెరాకి కాదు. అందుకే క్వెస్ట్ సెట్టింగుల్లో ట్రాకింగ్ ఫ్రీక్వెన్సీ అని ఒకటుంది: ఆటో, 50, 60. మావాడు డాలస్‌లో ఎప్పుడో దాన్ని 60 దగ్గర బిగించి మరిచిపోయాడు. అమెరికా చుట్టాల సూట్‌కేసుల్లో హెడ్‌సెట్లు దిగిన తెలుగిళ్లలో ముందు ఇది చూడండి. 50 నొక్కాను, వణుకు ఆగింది.

అమ్మ అప్పటిదాకా చూస్తూ ఉంది. ‘‘ఏదీ, నాకూ పెట్టు’’ అంది. కళ్లజోడు తీయించి కట్టాను. ఆట వద్దన్నాను. కొండ అంచున ఊరికే నిలబెట్టాను. కిందికి చూసి నా కొంగు పట్టుకుంది. తల తిరుగుతోందా అంటే, ‘‘తిరగట్లేదే, భయమేస్తోంది’’ అంది. నాకు కావలసిన కితాబు అదే.

శుక్రవారం ఐదూ నలభైకి కాపీ పంపాను. ఎడిటర్ గారు చదివి ఫోన్ చేశారు. ‘‘ఇందులో భవిష్యత్తు ఎక్కడుందమ్మా?’’

‘‘బాక్సులో పెట్టాను సార్.’’

కంప్యూటర్ నుంచి ఆడేవాళ్లకి

ఆట పీసీలో నడిచి బొమ్మ హెడ్‌సెట్‌కి వస్తుంటే జబ్బు దాగే చోట్లు పెరుగుతాయి. పీసీ బొమ్మ గీయాలి, వీడియోగా కుదించాలి, దారిలో పంపాలి, హెడ్‌సెట్ విప్పాలి. స్టీమ్‌వీఆర్‌లో ఫ్రేమ్ టైమింగ్ గ్రాఫ్ తెరిస్తే గీయడంలో ఆలస్యమో కాదో తేలుతుంది. గ్రాఫ్ శుభ్రంగా ఉండి బొమ్మ మాత్రం గళ్లుగళ్లుగా చెదురుతుంటే దోషం దారిది. పీసీని రౌటర్‌కి వైరుతో కలపండి. హెడ్‌సెట్‌కి 5 గిగాహెర్ట్జ్ వైఫై ఇవ్వండి, రౌటర్ అదే గదిలో ఉంటే మేలు. లాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టే ఆడండి. మోషన్ స్మూతింగ్ ఆన్‌లో ఉంటే 90 కాస్తా గుట్టుగా 45 అయిపోయి, మధ్య బొమ్మల్ని సాఫ్ట్‌వేరే ఊహించి గీస్తుంది. చేతుల అంచుల దగ్గర బొమ్మ జెల్లీలా కదిలితే దాని పనే. కేబుల్, ఏడీబీ తలనొప్పి వద్దనుకునే క్వెస్ట్ వాళ్లకి ఓవీఆర్ మెట్రిక్స్ టూల్ అనే ఉచిత యాప్ ఉంది. ఆ అంకెల్నే ఆట మీద చూపిస్తుంది.

కడుపులో తిప్పితే

వెంటనే తీసేయండి. అలవాటవుతుందని ఓర్చుకుంటే, ఆ తర్వాత హెడ్‌సెట్ చూస్తేనే వాంతి వచ్చేట్టు తయారవుతారు. కళ్లు కదులుతున్నామంటే లోపలి చెవి లేదంటుంది, గొడవంతా ఆ రెండింటిదే. స్టేల్ సున్నా అయినా స్టిక్కుతో నడిచే ఆటల్లో ఇది వస్తుంది. దానికి సెట్టింగు తప్పు పట్టకండి.

భవిష్యత్తు (ఎడిటర్ గారి కోరిక మీద)

కన్ను చూసే చోట మాత్రమే బొమ్మని పూర్తిగా గీసి, చుట్టూ పలచగా వదిలేస్తే చిప్ మీద బరువు తగ్గుతుంది. కంటిపాపల్ని కనిపెట్టే పీఎస్ వీఆర్2 2023లో వచ్చింది, యాపిల్ విజన్ ప్రో 2024లో. విజన్ ప్రోలో నాకు నచ్చింది వేరే ఉంది. అది 90 హెర్ట్జ్‌తోపాటు 96కి కూడా మారగలదు. సినిమాకి సెకనుకి 24 ఫ్రేములు. 24 నాలుగులు 96, ప్రతి ఫ్రేమూ సరిగ్గా నాలుగుసార్లు పడుతుంది. అదే 90 అయితే భాగహారం తెగదు, మూడు ఫ్రేములు నాలుగేసి సార్లూ నాలుగోది మూడుసార్లూ పడతాయి. మన తెలుగు సినిమాలూ 24 ఫ్రేములవే. పొలాల మీదుగా కెమెరా నెమ్మదిగా అడ్డంగా సాగే షాట్ ఒకటి వేసుకుని చూస్తే తాటిచెట్ల కాండాల దగ్గర తేడా తెలుస్తుంది.