కనీస ఆదాయ నిబంధన

బ్రిటన్ పౌరులు గానీ, అక్కడ శాశ్వత నివాస హక్కు ఉన్నవారు గానీ విదేశీ భర్తను లేదా భార్యను పిలిపించుకోవాలంటే, ఏటా ఫలానా మొత్తం సంపాదిస్తున్నట్టు రుజువు చూపాలి. 2012లో ఆ మొత్తం 18,600 పౌండ్లు. 2024 ఏప్రిల్ 11 నుంచి కొత్త దరఖాస్తులకు 29,000 పౌండ్లయింది. దాన్ని 38,700కు తీసుకెళ్లాలన్న ఆలోచనను తర్వాత వచ్చిన లేబర్ ప్రభుత్వం ఆపింది.

దీనితో బాగా నలిగేది ఇంకా చదువుకుంటున్నవారే. వారాంతాల్లో చేసే పార్ట్‌టైమ్ ఉద్యోగం జీతాన్ని లెక్కలోకి తీసుకుంటారు గానీ, అదొక్కటే అంత ఎత్తుకు చేరడం కష్టం. విద్యారుణాన్ని ఆదాయంగా చూడరు. తిరిగి కట్టనక్కర్లేని ఉపకార వేతనం, స్టైపెండ్ మాత్రం పనికొస్తాయి. హైదరాబాద్‌లో ఉన్న భార్యకు మంచి జీతం వస్తున్నా, ఇక్కడి నుంచి దరఖాస్తు చేసినప్పుడు మామూలుగా దాన్ని కలపరు. ఆదాయం బొత్తిగా లేకపోతే 88,500 పౌండ్ల పొదుపు ఆరు నెలలుగా చేతిలో ఉండాలి. తల్లిదండ్రులు కానుకగా ఇచ్చిన డబ్బయినా పర్వాలేదు. అంటే కలిగినవారి బిడ్డకు దారి తెరిచే ఉంది, పేదింటి విద్యార్థికి మూసుకుపోయింది. ఇది అన్యాయం.

ఇలాంటి నిబంధన పెట్టడం సూత్రరీత్యా చట్టబద్ధమేనని 2017లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. అయితే పిల్లల మేలును తగినంతగా పట్టించుకోలేదని తప్పుపట్టింది. ఆ తర్వాత అసాధారణ పరిస్థితుల్లో ఇతరుల ఆర్థిక సాయాన్నీ పరిశీలించేలా నిబంధనలు సవరించారు.

ఉద్యోగ ఆదాయం చూపదలచినవారు కనీసం ఆరు నెలల పేస్లిప్పులు, వాటికి సరిపోయే బ్యాంకు స్టేట్‌మెంట్లు ముందునుంచే భద్రపరచుకోండి.