మంచినీటి టేకు చేప మేత మానినప్పుడు: లక్షణం నుంచి కారణం వరకు

6.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• మేత మానడం, మందకొడిగా ఉండటం అనేవి లక్షణాలే తప్ప వ్యాధులు కావని గుర్తించగలుగుతారు.
• మంచినీటి టేకు చేప దేహధర్మం నీటి నాణ్యతపై ఎందుకు ఆధారపడుతుందో వివరించగలుగుతారు.
• కారణాన్ని వెతకడంలో పాటించవలసిన క్రమాన్ని తెలుపగలుగుతారు.
• నీటి పరీక్ష ఫలితాలను సరిగా అన్వయించగలుగుతారు.

6.1 పరిచయం

భావనపాడు, బారువ తీరాల్లో వలలో పడే బల్లపరుపు చేపను మీరు చూసే ఉంటారు. కొరడా వంటి తోక, తోకపై విషపు ముల్లు ఉండే ఈ చేపను టేకు చేప అంటారు. ఇది సొరచేపలాగే మృదులాస్థి చేప. ఈ వర్గంలో ఎక్కువ జాతులు సముద్రంలోనే జీవిస్తాయి. అయితే దక్షిణ అమెరికాలోని అమెజాన్, ఒరినోకో, పరానా నదుల్లో మంచినీటిలోనే పుట్టి, పెరిగి, పిల్లలను కనే టేకు చేపల కుటుంబం ఒకటి ఉంది. దాని పేరు పొటమోట్రైగోనిడే. ఆక్వేరియం ప్రియులు పెంచే మోటోరో టేకు చేప ఈ కుటుంబానికి చెందినదే.

హరిశ్చంద్రపురంలో ఒకరి ఇంట ఇటువంటి చేప ఉందనుకోండి. మొన్నటి వరకు రొయ్య ముక్క వేయగానే వచ్చి దాన్ని తన దేహంతో కప్పి తినేది. రెండు రోజులుగా మేత వైపు చూడటం లేదు. తొట్టి మూలన కదలకుండా పడి ఉంటోంది. ఇటువంటప్పుడు చాలామంది మొదట దుకాణానికి వెళ్లి ఏదో ఒక మందు తెచ్చి నీటిలో కలుపుతారు. ఆ తొందర ఎందుకు ప్రమాదకరమో, దానికి బదులు ఏ క్రమంలో ఆలోచించాలో ఈ భాగంలో తెలుసుకొందాం.

6.2 లక్షణం వేరు, వ్యాధి వేరు

ఈ తేడా ఉద్దానం ప్రాంత విద్యార్థులకు అనుభవంలో ఉన్నదే. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస తదితర మండలాల్లో దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి ఎన్నో కుటుంబాలను బాధిస్తోంది. దాని మూలకారణం ఇంకా నిర్ధారణ కాలేదు. ఆకలి మందగించడం, నీరసం ఆ వ్యాధిలో ఉంటాయి. కాని అవి స్పష్టంగా బయటపడే సమయానికి మూత్రపిండాలు చాలావరకు దెబ్బతిని ఉంటాయి. రక్తహీనతలోనూ, కామెర్లలోనూ, క్షయలోనూ ఇవే లక్షణాలు కనిపిస్తాయి. అందువల్ల వైద్యులు నీరసం అనే మాటను బట్టి మందు రాయరు. సీరం క్రియాటినిన్, మూత్ర పరీక్షలు చేయిస్తారు. కారణం తెలుసుకోకుండా నొప్పి మాత్రలు ఎక్కువ కాలం మింగితే అసలే బలహీనంగా ఉన్న మూత్రపిండాలకు మరింత హాని కలుగుతుంది.

దీని నుంచి మనం రెండు సూత్రాలు గ్రహించవచ్చు. ఒకటి, ఒకే లక్షణానికి అనేక కారణాలు ఉండవచ్చు; కొలత లేకుండా వాటిని వేరుచేయలేం. రెండు, కారణం తెలియని మందు రోగం కంటే ఎక్కువ హాని చేయవచ్చు. టేకు చేప విషయంలో ఈ రెండూ వర్తిస్తాయి.

6.3 నీటితో టేకు చేపకు గల సంబంధం

సముద్రపు టేకు చేప తన రక్తంలో యూరియాను అధిక మోతాదులో నిలవ చేసుకొంటుంది. దానివల్ల ఉప్పునీటిలో దేహం నీటిని కోల్పోదు. అదనపు లవణాన్ని పురీషనాళ గ్రంథి బయటికి పంపుతుంది. పొటమోట్రైగోనిడే చేపల పూర్వులు సముద్రం నుంచి వచ్చినవే అయినా, నదీ జీవనంలో ఈ రెండు ఏర్పాట్లూ పోయాయి. వాటి రక్తంలో యూరియా అత్యల్పం. పురీషనాళ గ్రంథి క్షీణించింది. నీటిలో ఉప్పు పెంచినా అవి తిరిగి యూరియాను నిలవ చేసుకోలేవు.

ఈ చేపలు నత్రజని వ్యర్థాన్ని ప్రధానంగా అమ్మోనియా రూపంలో మొప్పల ద్వారా విసర్జిస్తాయి. నదిలో ప్రవాహం ఆ అమ్మోనియాను తీసుకుపోతుంది. తొట్టిలో ఆ పనిని ఫిల్టర్‌లోని నత్రీకరణ బాక్టీరియాలు చేయాలి. అవి అమ్మోనియాను మొదట నైట్రైటుగా, తరవాత నైట్రేటుగా మారుస్తాయి. మాంసాహారి కావడం వల్ల టేకు చేప విసర్జించే అమ్మోనియా ఎక్కువ. కాబట్టి ఫిల్టర్‌లో చిన్న లోపం వచ్చినా దాని ప్రభావం ముందుగా చేప ఆకలిపై పడుతుంది.

6.4 నిర్ధారణ క్రమం

6.4.1 దూరం నుంచి చూడటం

చేపను కదిలించకుండా తొట్టి బయట నుంచి పది నిమిషాలు గమనించండి. ఇసుకలో కూరుకొని విశ్రమించడం ఈ చేపకు సహజం. కళ్ల వెనుక ఉండే శ్వాసరంధ్రాలు నెమ్మదిగా, క్రమంగా తెరుచుకొంటూ మూసుకొంటూ ఉంటే, మేత వాసనకు కదలిక వస్తే, అది విశ్రాంతి కావచ్చు. శ్వాస వేగంగా ఉండటం, రంగు పాలిపోవడం, నీటి ఉపరితలానికి పదే పదే రావడం విశ్రాంతి కాదు. దేహపు అంచులు పైకి ముడుచుకొని ఉంటే పరిస్థితి చాలా తీవ్రమైనదని గ్రహించాలి.

6.4.2 నీటిని కొలవడం

తరవాతి పని నీటి పరీక్ష. నీరు తేటగా ఉన్నంత మాత్రాన మంచిదని అనుకోకూడదు. అమ్మోనియాకు, నైట్రైటుకు రంగు లేదు. ఉష్ణోగ్రత, పి.హెచ్., అమ్మోనియా, నైట్రైటు, నైట్రేటు కొలిచి తేదీతో రాసుకోండి. పరీక్ష కిట్ లేకపోతే రొయ్యల చెరువుల రైతులు నీటి నమూనాలు ఇచ్చే ఆక్వా ల్యాబ్‌ను సంప్రదించవచ్చు. అమ్మోనియా, నైట్రైటు రెండూ కిట్‌లో సున్నా చూపాలి. ఉష్ణోగ్రత 25-28 డిగ్రీల సెల్సియస్ మధ్య నిలకడగా ఉండాలి. చలికాలపు రాత్రి హీటర్ పనిచేయక నీరు చల్లబడితే జీర్ణక్రియ మందగించి ఆకలి తగ్గుతుంది. ఎండాకాలంలో నీరు వేడెక్కితే అందులో కరిగి ఉండే ఆక్సిజన్ తగ్గుతుంది.

నైట్రైటు రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయలేని మెట్‌హీమోగ్లోబిన్‌గా మారుస్తుంది. అప్పుడు నీటిలో ఆక్సిజన్ ఉన్నా చేప దాన్ని వాడుకోలేక నీరసిస్తుంది.

6.4.3 ఇటీవలి మార్పులను గుర్తుచేసుకోవడం

గత రెండు వారాల్లో ఏం మారిందో రాయండి. కొత్త చేపను వేశారా? ఫిల్టర్ స్పాంజిని కుళాయి నీటితో కడిగారా? అలా కడిగితే క్లోరిన్ వల్ల బాక్టీరియాలు చనిపోతాయి. ఇంట్లో దోమల మందు కొట్టారా? బావిలో బ్లీచింగ్ పౌడర్ వేశారా? తుపానుల తరవాత బావులను శుద్ధి చేయడం మన ప్రాంతంలో మామూలే. ఆ నీటిలోని క్లోరిన్‌ను సోడియం థయోసల్ఫేట్‌తో తొలగించకుండా తొట్టిలో పోస్తే మొప్పలు దెబ్బతింటాయి.

కరెంటు పోవడం మరొక ముఖ్య కారణం. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను తరవాత ఉద్దానం గ్రామాలు రోజుల తరబడి చీకటిలో ఉన్నాయి. నీరు ఆగిపోయిన ఫిల్టర్‌లో ఆక్సిజన్ అయిపోయి, గంటల వ్యవధిలోనే నత్రీకరణ బాక్టీరియాలు చనిపోవడం మొదలవుతుంది. కరెంటు తిరిగి వచ్చాక ఫిల్టర్ మోటారు తిరుగుతున్నా అమ్మోనియా పెరుగుతూనే ఉంటుంది. మోటారు తిరగడం వేరు, ఫిల్టర్ పనిచేయడం వేరు.

6.4.4 దేహాన్ని పరిశీలించడం

నీటిలో దోషం లేదని తేలితే చేప దేహాన్ని చూడాలి. అది అద్దానికి ఆనుకొని పైకి ఈదినప్పుడు అడుగు భాగం కనిపిస్తుంది. అక్కడ ఎర్రదనం, పుండ్లు ఉంటే గరుకు రాళ్లు గాని, బాక్టీరియా సోకడం గాని కారణం కావచ్చు. చారల్లా ఉన్న గాయాలైతే తొడుగు లేని హీటర్‌పై పడుకోవడం వల్ల కాలి ఉండవచ్చు. ఆడచేప అంచుల్లో కాటు గుర్తులు జతకట్టే ప్రయత్నాన్ని సూచిస్తాయి. చర్మంపై జిగురు పెరగడం, దేహాన్ని ఇసుకకు రుద్దుకోవడం పరాన్నజీవులను సూచిస్తాయి. తోక మొదట కటి మృదులాస్థులు పొడుచుకొని కనిపిస్తే చేప చాలా రోజులుగా చిక్కిపోతోందని అర్థం.

6.4.5 మేతను పరిశీలించడం

కొత్తగా తెచ్చిన చేప కొన్ని రోజులు మేత ముట్టకపోవచ్చు. అప్పుడు వానపాములను ఇచ్చి చూడవచ్చు. పొలంలో పురుగుమందు పడిన చోటి నుంచి మాత్రం తేవద్దు. ఏళ్ల తరబడి ఒకే రకం పచ్చి చేపను వేస్తే మరో సమస్య వస్తుంది. సార్డిన్ వంటి కొన్ని చేపల్లో థయమినేజ్ అనే ఎంజైము ఉంటుంది. అది థయమిన్‌ను, అంటే బి1 విటమిన్‌ను, విచ్ఛిన్నం చేస్తుంది. ఆ లోపం వల్ల కూడా ఆకలి తగ్గుతుంది. కాబట్టి మేతలో వైవిధ్యం ఉండాలి.

6.5 సాధించిన సమస్య

ఒక తొట్టిలో రెండు నెలలుగా నీరు మార్చలేదు. పరీక్షలో ఉష్ణోగ్రత 28 డిగ్రీలు, పి.హెచ్. 6.0, మొత్తం అమ్మోనియా లీటరుకు 2 మిల్లీగ్రాములు అని తేలింది. ఇంటి బోరు నీటి పి.హెచ్. 8.0. యజమాని ఒకేసారి సగం నీరు తీసి బోరు నీరు పోయాలనుకొంటున్నాడు. ఇది సరైనదేనా?

వివరణ: కిట్ చూపేది మొత్తం అమ్మోనియాను. అందులో అయానుగా మారని అమ్మోనియాయే ఎక్కువ విషపూరితం. దాని వాటా పి.హెచ్.తో పాటు పెరుగుతుంది. 28 డిగ్రీల వద్ద ఆ వాటా పి.హెచ్. 6లో సుమారు 0.07 శాతం, 7లో 0.7 శాతం, 8లో 6.5 శాతం.

ప్రస్తుతం విషపూరిత అమ్మోనియా: 2 × 0.0007 = 0.0014 మిల్లీగ్రాములు.

సగం నీరు మారిస్తే మొత్తం అమ్మోనియా 1 మిల్లీగ్రాముకు తగ్గుతుంది. పాత నీటిలో క్షారత దాదాపు లేదు కాబట్టి పి.హెచ్. సుమారు 7.8కి చేరిందనుకొందాం. అక్కడ వాటా సుమారు 4.2 శాతం.

అప్పటి విషపూరిత అమ్మోనియా: 1 × 0.042 = 0.042 మిల్లీగ్రాములు.

మొత్తం అమ్మోనియా సగమైంది. విషం మాత్రం 30 రెట్లు అయింది. లీటరుకు 0.02 మిల్లీగ్రాములు దాటకూడదన్నది చేపల పెంపకంలో సాధారణంగా పాటించే హద్దు. మంచి ఉద్దేశంతో చేసిన పనే ఇక్కడ చేపను చంపగలదు. దీనికి బదులు మేత ఆపి, అమ్మోనియాను బంధించే కండిషనర్ వాడుతూ, రోజూ పదో వంతు నీటిని మాత్రమే మారుస్తూ, ప్రతిసారీ పి.హెచ్., అమ్మోనియా కొలవాలి.

6.6 జాగ్రత్తలు

• కారణం తేలే వరకు మందులు వాడవద్దు. రాగి లవణాలు, ఆర్గానోఫాస్ఫేట్ మందులు మృదులాస్థి చేపలకు చాలా హానికరం. ఇతర చేపలకు రాసిన మోతాదు వీటికి వర్తించదు.
• తినని మేతను గంటలోపు తీసివేయండి. అది కుళ్లి అమ్మోనియాను పెంచుతుంది.
• గాలి పంపును పెంచండి. కరెంటు పోయే రోజుల కోసం బ్యాటరీ పంపు ఉంచుకోండి.
• చేపను చేతితో గాని, వలతో గాని పట్టవద్దు. వలలో ముల్లు చిక్కుకొంటుంది. డబ్బాలోకి నెమ్మదిగా మళ్లించండి. ముల్లు గుచ్చుకొంటే ఆ భాగాన్ని చర్మం కాలనంత వేడి నీటిలో, సుమారు 45 డిగ్రీలు మించకుండా ఉంచి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.
• నీరు సరిగా ఉండి కూడా చేప చిక్కిపోతున్నా, పుండ్లు పెరుగుతున్నా మీరు రాసిన పట్టికతో పశువైద్యుడిని లేదా మత్స్య నిపుణుడిని కలవండి. ఆ పట్టిక ఉంటే వారు కారణాన్ని త్వరగా పట్టుకోగలుగుతారు.

6.7 సారాంశం

మేత మానడం, మందకొడిగా ఉండటం ఒక హెచ్చరిక మాత్రమే. మంచినీటి టేకు చేప తన వ్యర్థాన్ని అమ్మోనియాగా విసర్జిస్తుంది కాబట్టి తొట్టిలో కారణం తరచు నీటిలోనే ఉంటుంది. చూడటం, కొలవడం, మార్పులను గుర్తుచేసుకోవడం, దేహాన్ని, మేతను పరిశీలించడం అనే క్రమం పాటించాలి. మందు గురించి ఆలోచించవలసింది వీటన్నింటి తరవాతే. నీటి లోపాన్ని సరిచేయడం కూడా కొలుస్తూ, నెమ్మదిగా జరగాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. సముద్రపు, మంచినీటి టేకు చేపల ద్రవాభిసరణ క్రమతలోని తేడాలను రాయండి.
2. కరెంటు వచ్చిన తరవాత కూడా తొట్టిలో అమ్మోనియా ఎందుకు పెరుగుతుంది?
3. 28 డిగ్రీలు, పి.హెచ్. 7 గల నీటిలో మొత్తం అమ్మోనియా లీటరుకు 3 మిల్లీగ్రాములు. విషపూరిత అమ్మోనియా ఎంత? అది హద్దులో ఉందా?