కాపాడే సంకేతమే క్యాన్సర్‌కు ఊతమైతే..

కాలికి ముల్లు గుచ్చుకుంటే ఆ చోటు ఎర్రబడి, వాచి, వేడెక్కుతుంది. దీన్నే వైద్యులు ఇన్‌ఫ్లమేషన్ అంటారు. సూక్ష్మజీవులు చొరబడిన చోటికి రక్షక కణాలను రప్పించేందుకు శరీరం చేసుకునే ఏర్పాటిది. ఆ కబురును ఒక కణం నుంచి మరో కణానికి చేరవేసే చిన్న ప్రొటీన్లే సైటోకైన్లు. గాయం మానాక ఈ కబురు ఆగిపోవాలి. ఆగకుండా సాగితే అది కొన్ని రక్త క్యాన్సర్లకు బలమవుతుంది. మల్టిపుల్ మైలోమా ఇందుకు మంచి ఉదాహరణ.

ఎముకల లోపలి మూలుగలో ప్లాస్మా కణాలు ఉంటాయి. యాంటీబాడీలను తయారు చేయడం వాటి పని. మైలోమాలో ఇవి అదుపు తప్పి పెరుగుతాయి. నడుము నొప్పి, రక్తహీనత, ఎముకలు తేలిగ్గా విరగడం, మూత్రపిండాలు దెబ్బతినడం దీని ముఖ్య లక్షణాలు. నడుము నొప్పిని వయసు వల్ల వచ్చిందని సరిపెట్టుకుంటే జబ్బును గుర్తించడం ఆలస్యమవుతుంది.

జపాన్‌లోని ఒసాకా విశ్వవిద్యాలయంలో తదమిత్సు కిషిమోతో, తోషియో హిరానో బృందం 1986లో ఒక సైటోకైన్ జన్యువును వేరుచేసింది. అదే ఇంటర్‌ల్యూకిన్-6. యాంటీబాడీల తయారీకి తోడ్పడే ఈ అణువే మైలోమా కణాలనూ పెంచుతోందని 1988లో వెల్లడైంది.

ఇదెలా జరుగుతుంది? క్యాన్సర్ కణం మూలుగలోని ఆధార కణాలను అంటిపెట్టుకుంటుంది. దాంతో అవి ఇంటర్‌ల్యూకిన్-6ను మరింతగా విడుదల చేస్తాయి. అది క్యాన్సర్ కణం మీది గ్రాహకానికి తగలగానే లోపల జాక్, స్టాట్-3 ప్రొటీన్లు వరుసగా చురుకవుతాయి. ఫలితంగా ఆ కణం చావును తప్పించుకుని విభజన చెందుతుంది. ఇదే అణువు ఎముకను కరిగించే కణాలనూ ప్రేరేపిస్తుంది. కరిగే ఎముక నుంచి వెలువడే వృద్ధి కారకాలు మళ్లీ క్యాన్సర్‌కే అందుతాయి. ఇదొక విషవలయం.

మరి ఈ ఒక్క అణువును అడ్డుకుంటే చాలదా? దాన్ని పట్టుకునే సిల్టుక్సిమాబ్ అనే యాంటీబాడీని బోర్టెజోమిబ్ మందుతో కలిపి మైలోమా రోగులకు ఇచ్చి చూశారు. చెప్పుకోదగ్గ అదనపు ప్రయోజనం కనిపించలేదు. జన్యు మార్పులున్న కొన్ని క్యాన్సర్ కణాలు బయటి కబురు లేకుండానే పెరగగలవు. ఒక దారి మూసుకుపోతే ఇతర వృద్ధి కారకాలూ ఉన్నాయి. అయితే శోషరస గ్రంథులు పెరిగే కాసిల్‌మన్ వ్యాధిలో ఇదే మందు పనిచేసింది. 2014లో అమెరికాలో అనుమతి పొందింది.

ఈ పరిశోధన మరో చోటా అక్కరకొచ్చింది. రోగి టి-కణాలనే మార్చి క్యాన్సర్ మీదికి పంపే కార్-టి చికిత్సలో ఒక్కోసారి సైటోకైన్లు ఉప్పెనలా పెరిగి ప్రాణాపాయం కలుగుతుంది. ఇంటర్‌ల్యూకిన్-6 గ్రాహకాన్ని మూసేసే టోసిలిజుమాబ్ అప్పుడు ఆదుకుంటుంది. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ సెంటర్ కృషితో రూపొందిన స్వదేశీ కార్-టి చికిత్స నెక్స్‌కార్19కు 2023లో అనుమతి లభించింది. కాబట్టి ఈ సంకేతాలను అదుపు చేయడం మన ఆసుపత్రులకూ అవసరమైన విద్యే.