వాచీ చెప్పే షుగర్‌ని నమ్మొచ్చా?

గచ్చిబౌలిలో ఉద్యోగం చేసే పిల్లలు ఊళ్లోని నాన్నకు స్మార్ట్‌వాచీ కొని పంపుతుంటారు. ‘సూదితో పని లేకుండా షుగర్ చెబుతుంది’ అని పెట్టె మీద ఉంటుంది. వెనక ముద్రలు, నంబర్లు కనిపిస్తాయి. ఇంకేం, ప్రభుత్వం ఒప్పుకొన్నదే కదా అనుకుంటాం. పొరపాటు పడేది అక్కడే!

ఏ అనుమతి దేనికి?

వాచీలో గోరంత బ్లూటూత్ మాడ్యూల్ ఉంటుంది. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఫోన్‌కి సమాచారం పంపేది అదే. దీన్ని వాడటానికి మీకు లైసెన్సు అక్కర్లేదు. పరికరానికి మాత్రం కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చే ఈటీఏ అనుమతి ఉండాలి. నిర్ణీత బ్యాండ్‌లో, పరిమితికి మించని శక్తితో పనిచేస్తుందనే దానర్థం. ఇక బీఐఎస్ ముద్ర షాక్, వేడి, మంటల వంటి ముప్పుల నుంచి భద్రతకు సంబంధించింది.

షుగర్ అంకె సరైనదా, కాదా అన్నది ఈ రెండూ తేల్చవు. అది వైద్య పరికరాలను నియంత్రించే సీడీఎస్‌సీఓ పని. గ్లూకోమీటర్లు 2021 నుంచి దాని పరిధిలో ఉన్నాయి.

ప్రమాదం ఎక్కడ?

చర్మాన్ని గుచ్చకుండా సొంతంగా షుగర్ కొలిచే ఏ స్మార్ట్‌వాచీకీ, ఉంగరానికీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికా ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. తప్పుడు అంకె చూసి ఇన్సులిన్ ఎక్కువ తీసుకుంటే షుగర్ పడిపోతుంది. స్పృహ తప్పొచ్చు, ప్రాణాల మీదికీ రావొచ్చు.

చేతికి అతికించుకునే సీజీఎం వేరు. సన్నని తీగలాంటి దాని సెన్సర్ చర్మం కింద ఉండి గ్లూకోజ్‌ను కొలుస్తుంది. బ్లూటూత్ ఆ అంకెను ఫోన్‌కి చేరవేస్తుందంతే.

ఇవి గుర్తుంచుకోండి

* బీఐఎస్ ముద్ర దగ్గర ‘ఆర్’తో మొదలయ్యే నంబరును ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో సరిచూసుకోండి.
* వాచీలో షుగర్ అంకె చూసి మందుల మోతాదు మార్చొద్దు. గ్లూకోమీటర్‌తో పరీక్షించుకుని డాక్టర్‌ను అడగండి.
* చెమటలు, వణుకు, అయోమయం ఉంటే వాచీ ‘నార్మల్’ అంటున్నా వెంటనే గ్లూకోమీటర్‌తో చూసుకోండి.
* పేస్‌మేకర్ ఉన్నవారు అయస్కాంతాలుండే ఫోన్లు, స్మార్ట్‌వాచీలను దానికి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచుకోవాలి.
* రేడియేషన్ భయం ఉంటే ఫోన్‌లో *#07# నొక్కి ‘సార్’ విలువ చూడండి. మన దేశంలో కిలోకు 1.6 వాట్లు దాటకూడదు.

నాన్నకు వాచీ పంపండి, అడుగులు లెక్కపెట్టుకుంటారు. దాంతోపాటు ఓ గ్లూకోమీటరూ పంపండి.